మన చేపలు

కామన్ కరెంటు బిల్లు బాగా తగ్గిందన్న లెక్క చూపించడానికి ప్రెసిడెంటు గారి ఫ్లాటుకి వెళ్లాను. ఆయన బిల్లు వైపు చూస్తేగా! రెండ్రోజులుగా ఆక్వేరియం ఫిల్టరు గరగరలాడుతోందట. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ కుర్రాడు తొట్టి దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు.

నాలుగడుగుల తొట్టి. అరచేయంతేసి ఆస్కార్ చేపలు రెండు. కుర్రాడు ప్లగ్గు పీకి, వెనక అద్దానికి తగిలించిన ఫిల్టరు మూత తీసి, అడుగునున్న ఇంపెల్లర్‌ని బయటికి లాగాడు. ఇంతా చేస్తే చిటికెన వేలంత అయస్కాంతం, కొసన బుల్లి రెక్కలు. దాని ఇరుసుకి తలవెంట్రుక చుట్టుకుని ఉంది. గూట్లో నాలుగు ఇసక రేణువులు.

“గిదే సార్ లొల్లి” అంటూ పాత టూత్‌బ్రష్‌తో తోమాడు. ఆ ఊపులోనే జిగురుపట్టిన స్పాంజీ కూడా తీసుకుని సింకు దగ్గరికెళ్లి కుళాయి తిప్పబోయాడు.

“ఆగరా! చంపేస్తావా వాటిని?”

చేపల్ని అన్నారేమో అనుకున్నాను. కాదు, బాక్టీరియాని.

“ఆ జిగురే మన ప్రాణం. చేపలు వదిలే వ్యర్థాల్లోంచి అమ్మోనియా వస్తుంది, అది విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తే అప్పుడు గండం గడిచినట్టు. కుళాయి నీళ్లలో క్లోరిన్ తగిలిందా, ఇవన్నీ హరీ! మళ్లీ పెరగాలంటే వారాలు పడుతుంది. తొట్టిలో నీళ్లే బకెట్లోకి తోడి, అందులో రెండుసార్లు పిండు. చాలు.”

ఉన్నమాట చెప్పాలి, ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఎక్కడ నేర్చుకున్నారో గానీ కాలేజీ లెక్చరర్లు కూడా ఇంత విడమరిచి చెప్పరు. కుర్రాడు అలాగే పిండి, అన్నీ బిగించి, ఫిల్టరు డబ్బాలో మగ్గుడు నీళ్లు పోసి స్విచ్చి వేశాడు. గరగర పోయింది. నీటిధార సన్నగా జారింది.

“ఇంకో సంగతి” అన్నారాయన, నా వైపు తిరిగి. “ఆ బాక్టీరియాకి ఆక్సిజన్ అందాలి. కొన్ని గంటలు ఫిల్టరు ఆగితే చచ్చిపోవడం మొదలెడతాయి. అందుకే దీన్ని ఇన్వర్టరుకి కలిపాను. కరెంటు పోయినా రాత్రంతా తిరుగుతుంది.”

ఇంతలో బాల్కనీలోంచి గాలి వీచింది. కుళ్లిన గుడ్ల కంపు. ఆయన ముక్కు మూసుకుని తలుపు వేసేశారు.

“చూశారా చెరువు గతి! పోయినవారం చేపలన్నీ తెల్లగా తేలాయి. ఊళ్లో మురుగంతా అందులోకే వదులుతుంటే ఏం బతుకుతాయండీ? జనానికి బొత్తిగా బాధ్యత లేదు.”

కుర్రాడు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. వెళ్లడేం?

“సార్, మన సెల్లార్ల మురుగునీళ్ల ప్లాంటుల గూడ గీ బాక్టీరియానే ఉంటదంట గద?”

“ఉంటుంది. అయితే?”

“బిల్లు ఎక్కువొస్తుందని రాత్రి పదింటికెల్లి పొద్దుగాల ఆరు దాకా బ్లోయర్ బంద్ పెట్టమన్నరు మీరు. ఇయ్యాలకెల్లి నడిపియ్యమంటరా?”

ప్రెసిడెంటు గారు నా చేతిలో కాగితం లాక్కుని, తగ్గిన అంకె మీద వేలు పెట్టారు.

“ఇది మళ్లీ పెరిగితే ఎవడు కడతాడ్రా? ఆ నీళ్లు చెరువులోకి పోయేవేగా. అందులో మన చేపలేమన్నా ఉన్నాయా?”

“మాయి ఉండె సార్.”