అంబాసిడర్‌కు ఊదుడు వైద్యం

పాత కారుకు టర్బో పెడదామన్న మాట ఎత్తగానే మన దగ్గర రెండు పక్షాలు లేస్తాయి. "అది అయ్యే పని కాదులెండి" అనేవారు ఒకవైపు, "ఏముందండీ, ఆ పైపు తీసి ఈ పైపు తగిలించడమేగా" అనేవారు ఇంకోవైపు. నా వాదన ఇద్దరికీ రుచించదు. కార్బొరేటర్ ఇంజిన్‌కు టర్బో పనిచేస్తుంది, నిక్షేపంగా పనిచేస్తుంది. అది పనిచేయడం వల్లనే అసలు తంటా మొదలవుతుంది. పనిచేయకపోతే ఖర్చు అక్కడితో ఆగేది. విప్పి అటక మీద పడేసి, మళ్లీ పాత పైపు బిగించుకుని, ఎప్పటిలాగే పెళ్లిళ్లకీ పేరంటాలకీ తిరిగేవాళ్లం.

వాదన గాలిలో తేలిపోకుండా ఒక బండిని ఎదురుగా నిలబెట్టుకుందాం. అంబాసిడర్‌కు మించింది దొరకదు. బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 1950ల చివర పుట్టి 2014 దాకా తయారైన బండి అది. దాని పాత పెట్రోలు ఇంజిన్ 1489 సీసీది, ఇంగ్లండులో బీఎంసీ వారు చేసిన బీ-సిరీస్ వంశం. శక్తి యాభై చిల్లర హార్స్‌పవర్. క్రాంక్‌షాఫ్టును మోయడానికి మూడే మెయిన్ బేరింగులు. ఎనిమిది వాల్వులకు కలిపి హెడ్‌లో అయిదే దారులు: గాలి లోపలికి పోవడానికి రెండు, పొగ బయటికి రావడానికి మూడు. దాని పక్కన ఎస్‌యూ కార్బొరేటర్. దాన్ని కనిపెట్టిన స్కిన్నర్ సోదరులు ఇంగ్లండులో బూట్ల వ్యాపారం చేసే కుటుంబంవారు. తొలి నమూనాల్లో తోలు తిత్తి ఉండేది. ఇంట్లో ఉన్న సరుకు బయట కొనడం ఎందుకనుకున్నారేమో!

ఈ కార్బొరేటర్ బతుకంతా పీల్పు మీద ఆధారపడింది. ఇంజిన్‌లో పిస్టన్ కిందికి దిగితే వెలితి పుడుతుంది, ఆ వెలితిలోకి గాలి దూసుకుపోతుంది, ఆ దూకుడుకు కార్బొరేటర్ గొంతులో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు బయటి గాలి బరువు ఫ్లోటు గిన్నెలోని పెట్రోలును జెట్‌లోంచి పైకి నెడుతుంది. కొబ్బరి బోండాంలో స్ట్రా వేసుకుని తాగడం లాంటిదే ఇది. మనం పీల్చినంతసేపూ నీళ్లు వస్తాయి. ఎవరో మంచివాడు, "మీకెందుకండీ శ్రమ" అని మన పక్కనుంచి అదే స్ట్రాలోకి గట్టిగా ఊదాడనుకోండి, నీళ్లు నోట్లోకి రావు, మొహం మీద చిందుతాయి. ఆ మంచివాడి పేరే టర్బో. బయటికి పోయే పొగతో ఒక చక్రాన్ని నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిప్పి, అదే ఇరుసు మీదున్న రెండో చక్రంతో ఇంజిన్‌లోకి గాలిని కుక్కడం దాని పని. స్విట్జర్లండు ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. కాబట్టి కొత్త ఫ్యాషన్ అని దీన్ని తోసిపుచ్చడానికి లేదు. అంబాసిడర్ కంటే వయసులో పెద్దది.

ఊదేవాణ్నీ పీల్చేదాన్నీ ఒకచోట కాపురం పెట్టించడానికి దారులు రెండు. మొదటిది, కార్బొరేటర్‌ను టర్బోకు ముందు పెట్టడం. అప్పుడు పీల్పు మామూలుగానే ఉంటుంది కానీ, పెట్రోలు కలిసిన గాలి ఆ చక్రం గుండా, ఆపై పొడుగాటి పైపుల గుండా ప్రయాణించాలి. చల్లని ఇంజిన్‌లో పెట్రోలు దారి పొడుగునా గోడలకు అంటుకుంటుంది. యాక్సిలరేటర్ వదిలితే చక్రం గదిలో వెలితి ఏర్పడి, టర్బో సీలులోంచి ఇంజిన్ ఆయిల్ లోపలికి లాగబడుతుంది. వెనక వచ్చేవాళ్లకు నీలి పొగ. మధ్యలో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెడదామా అంటే, పెట్రోలు ఆవిరి నిండిన అంత పెద్ద డబ్బా బానెట్ కింద ఉండటం బ్యాక్‌ఫైర్ వచ్చే దాకా బాగానే ఉంటుంది. రెండో దారి, టర్బో ఊదిన గాలిని కార్బొరేటర్‌లోకి పంపడం. ఇది మేలైన దారే. కానీ గొంతులో చదరపు అంగుళానికి 7 పౌన్ల ఒత్తిడి ఉంటే ఫ్లోటు గిన్నెలోనూ అంతే ఉండాలి. గిన్నెలో అంత ఉంటే, మూడు నాలుగు పౌన్లతో పెట్రోలు తోసే పాత పంపు దానిలోకి చుక్క కూడా పంపలేదు. కొత్త పంపు కావాలి, టర్బో ఒత్తిడిని గమనిస్తూ పెట్రోలు ఒత్తిడి పెంచే రెగ్యులేటరూ కావాలి. పాత ఇత్తడి ఫ్లోటు లోపల బోలు. ఒత్తిడికి అది నలిగి మునిగిందంటే పెట్రోలు గిన్నె పొంగుతుంది. అరిగిన త్రాటిల్ షాఫ్టు సందుల్లోంచి ఇన్నాళ్లూ కాస్త గాలి లోపలికి జొరబడేది, ఇప్పుడు అదే సందులోంచి పెట్రోలు బయటికి చిమ్ముతుంది. చిమ్మే చోటుకు కాస్త కిందనే టర్బో మంచి ఎరుపు రంగులో కాలుతూ ఉంటుంది.

"ఇవన్నీ సందులో మెకానిక్ చేస్తే వచ్చే బాధలు, పెద్ద కంపెనీలు చేయలేదా?" అని అడగవచ్చు. చేశాయి. నా వాదనకు బలం చేకూర్చినవాళ్లు వాళ్లే. 1962లో జనరల్ మోటార్స్ రెండు టర్బో కార్లు దించింది. షెవర్లే కార్వెయిర్ ఒకటి, ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ ఇంకొకటి. కార్వెయిర్‌లో ఇంజిన్ కంప్రెషన్ తగ్గించి జాగ్రత్తపడ్డారు, ఆ టర్బో కొన్నేళ్లు బాగానే బతికింది. జెట్‌ఫైర్ వాళ్లు మాత్రం కంప్రెషన్ తగ్గించడం నామోషీ అనుకున్నారు. పదింటికి ఒకటికి పైనే ఉంచి, ఇంజిన్ నాకింగ్ కొట్టకుండా నీళ్లూ మెథనాలూ కలిపిన ద్రవాన్ని లోపలికి చిలకరించే ఏర్పాటు చేశారు. దానికి టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని పేరు కూడా పెట్టారు. దానికో వేరే ట్యాంకు. యజమాని దాన్ని నింపుకుంటూ ఉండాలి. రేడియేటర్‌లో నీళ్లు చూసుకోవడానికే బద్ధకించే జాతి ఈ రాకెట్ నీళ్లు పోస్తుందా? ట్యాంకు ఎండిపోయేది, టర్బో ఊదుడు తగ్గించే వాల్వు తన పని తాను చేసుకుపోయేది, కారు మామూలు కారైపోయేది. చివరికి ఎందరో టర్బో పీకించుకుని మామూలు కార్బొరేటర్ పెట్టించుకున్నారు. కంపెనీ 1963తో ఆ మోడల్‌కే మంగళం పాడింది. 1980ల్లో లోటస్ ఎస్ప్రీ, మసెరాటి బైటర్బో కూడా కార్బొరేటర్లలోకి గాలి ఊది భేషుగ్గా పరిగెత్తాయి. ఆ దశాబ్దం గడవకముందే రెండూ ఫ్యుయల్ ఇంజెక్షన్‌లోకి మారిపోయాయి.

అంబాసిడర్‌కు వరసకు దగ్గరి చుట్టం ఇంకొకటుంది. 1982లో వచ్చిన ఎంజీ మెట్రో టర్బో. దాని 1275 సీసీ ఇంజిన్ బీ-సిరీస్‌కు చిన్న తమ్ముడు ఏ-సిరీస్, కార్బొరేటర్ అదే ఎస్‌యూ. 93 హార్స్‌పవర్ ఇచ్చింది. ఇంకా ఇవ్వగలదు. కానీ గేర్‌బాక్సు తట్టుకోదని కంపెనీయే టర్బో ఒత్తిడికి కళ్లెం వేసింది. ఇంజిన్ భరించినా గేర్లు భరించవన్న సంగతి తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నారన్నమాట.

టర్బో పక్షం వారి దగ్గర ఒక గట్టి మాట ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. అంబాసిడర్ కంప్రెషన్ ఏడు చిల్లరే, టర్బోకు అంతకంటే అనువైన ఇంజిన్ ఉంటుందా అని. నిజమే, ఈ విషయంలో జెట్‌ఫైర్ కంటే మన తాత నయం. అయితే వాళ్లు లెక్కలోకి తీసుకోనిది మన ఎండ. నలభై డిగ్రీల గాలిని 7 పౌన్ల ఒత్తిడికి కుక్కితే, మామూలు టర్బోలో అది వంద డిగ్రీల దరిదాపుకు చేరుతుంది. అంత వేడి గాలి సిలిండర్‌లోకి పోతే స్పార్కును వెనక్కి జరపాలి. ఆ పని చేయాల్సిన పాత డిస్ట్రిబ్యూటర్‌కు తెలిసిన విద్యలు రెండు: ఇంజిన్ వేగం పెరిగితే టైమింగ్ ముందుకు జరపడం, పీల్పు పెరిగితే ఇంకాస్త ముందుకు జరపడం. ఒత్తిడి అనే మాట అది పుట్టి బుద్ధెరిగి వినలేదు. దాన్నీ మార్చాలి. మార్చి, ఇంటర్‌కూలర్ పెట్టి, జెట్‌లో సూది మార్చి, పెట్రోలు కాస్త ఎక్కువ కలిసేలా సర్ది, అన్నీ సవ్యంగా కుదిరాయనే అనుకుందాం. 7 పౌన్లంటే వాతావరణ ఒత్తిడిలో దాదాపు సగం. అంటే శక్తి మహా అయితే ఒకటిన్నర రెట్లు, డెబ్బై అయిదు హార్స్‌పవర్. ఇక్కడ ఒక చిన్న సంగతి. 1990ల మొదట్లో అంబాసిడర్ తయారుచేసే కంపెనీ వాళ్లకే దానికి కాస్త చురుకు కావాలనిపించింది. వాళ్లు టర్బో జోలికి పోలేదు. ఇసుజు వారి 1800 సీసీ పెట్రోలు ఇంజిన్, అయిదు గేర్ల బాక్సుతో సహా తెచ్చి పెట్టారు. దాని శక్తి కూడా సుమారు 75. ఊదుడూ లేదు, ఉడుకూ లేదు.

"మాకు కావలసింది అంకెలు కాదండీ, ఆ ఈల శబ్దం" అనేవారికి నా దగ్గర సమాధానం లేదు. సరదాకు లాజిక్ అడగకూడదు. వాళ్లకు చట్టం మాత్రం గుర్తుచేయాలి. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన రూపానికీ ఆర్‌సీలో రాసినదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి ప్రత్యేక నంబరు ఇస్తారు, ఇంజిన్, బాడీ, ఛాసిస్ పుట్టినప్పటిలా ఉంటేనే. కాబట్టి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తమన్న రోజున ఆ ఈల శబ్దం యజమానికి అంత మధురంగా వినిపించకపోవచ్చు.

ఇంత విన్నాక కూడా పట్టు వదలనివారికి పని వరస ఒక్కటే చెప్పగలను. మొట్టమొదట బ్రేకులు, ఎందుకంటే పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. యాభై హార్స్‌పవర్ బండిని ఆపడానికే అవి ముందుగా అర్జీ పెట్టుకోమంటాయి. ఆ తర్వాత క్లచ్ ప్లేటు, రేడియేటర్, హెడ్ గ్యాస్కెట్, పెట్రోలు పంపు, రెగ్యులేటర్, గట్టి ఫ్లోటు, డిస్ట్రిబ్యూటర్, వెనక ఇరుసులో క్రౌన్ పినియన్. ఇవన్నీ అయ్యాక జేబులో ఏమైనా మిగిలి ఉంటే, టర్బో బేరానికి వెళ్లవచ్చు.