మోటారుకొక సిమ్ కార్డు

డిసెంబరు దగ్గరపడేసరికి పత్రికలన్నీ కాలజ్ఞానం రాయడం మొదలుపెడతాయి. వచ్చే ఏడు ఏ టెక్నాలజీ వెలుగుతుందో, ఏది ఆరిపోతుందో, కృత్రిమ మేధ ఎవరి ఉద్యోగానికి ఎసరు పెడుతుందో వరసపెట్టి చెబుతాయి. కర్నూలు, కడప వాళ్లను ఇలాంటివాటితో బెదరగొట్టడం కష్టం. పోతులూరి వీరబ్రహ్మంగారు కాలజ్ఞానం రాశారని చెప్పే రవ్వలకొండ బనగానపల్లెలో ఉంది, ఆయన మఠం కందిమల్లాయపల్లెలో ఉంది. ఏ వింత ఎదురైనా "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పినారు లే" అని ఒక్క మాటతో తేల్చేసి బీడీ ముట్టించుకునే జనం. నా పేచీ జోస్యాలతో కాదు. వాటిలో వస్తువు ఉంటుంది గానీ దాన్ని వాడే మనిషి ఉండడు, పేచీ దానితోనే. వస్తువు కనిపెట్టినవాడిది సగం తెలివే. వాడు కలలో కూడా అనుకోని పని దానితో చేయించుకునేవాడిది తక్కిన సగం. ఆ రెండో సగం ఈ ఎండు సీమలో బాగా పండుతుంది.

బోరు మోటారు స్టార్టరు డబ్బానే తీసుకోండి. పచ్చ బటన్ నొక్కితే మోటారు తిరుగుతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. కరెంటు పోతే లోపలి కాయిల్ పట్టు వదిలేస్తుంది. మళ్లీ కరెంటు వచ్చినా ఎవరో ఒకరు వెళ్లి పచ్చ బటన్ నొక్కాల్సిందే. మోటారు క్షేమం కోరి ఇంజనీరు పెట్టిన కట్టుబాటు అది. అయితే మన సేద్యపు కరెంటు చాలా ఏళ్లు అర్ధరాత్రి దొంగలా వచ్చి తెల్లారకముందే వెళ్లిపోయేదని పాపం ఆయనకు తెలియదు. చేతిలో టార్చి, గట్టు మీద తేలో పామో, పొలమేమో మైలు దూరం. రైతు ఆలోచించి పచ్చ బటన్‌కు ఒక పుల్ల దోపాడు. నొక్కిన బటన్ నొక్కినట్టే ఉంటుంది, కరెంటు రాగానే మోటారు తనంతట తానే లేస్తుంది. ఆ పుల్ల చదువుకుని పట్నం వెళ్లొస్తే ఆటో స్టార్టరు. దాని కొడుకు మొబైల్ స్టార్టరు: డబ్బాలో ఒక సిమ్ కార్డు, ఇంట్లో మంచం మీద రైతు, మధ్యలో ఒక మిస్డ్ కాల్. సిమ్ అన్నాక రీఛార్జి వేయించాలి, ఫోనులో దానికీ ఒక పేరు రాసుకోవాలి. పెద్దోడు, చిన్నల్లుడు, వాళ్లిద్దరి మధ్య 'చీనీతోట బోరు'. ముగ్గురిలో పిలవగానే పలికేది బోరొక్కటే. సిగ్నల్ లేనిరోజు మాత్రం 'మీరు పిలుస్తున్న వారు కవరేజీ ప్రాంతంలో లేరు' అంటుంది ఫోను. ఏడున్నర హార్స్‌పవర్ ఇనుముకు అంత గౌరవం ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇక్కడ కరెంటాఫీసు ఇంజనీరు అడ్డం తగులుతాడు, న్యాయంగానే. మోటారు నిలకడగా తిరిగేటప్పటికన్నా మొదలయ్యే క్షణంలో ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. కరెంటు రాగానే ఊళ్లోని ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారిగా మోటార్లను లేపితే ట్రాన్స్‌ఫార్మర్ కాలి కూచుంటుంది. ఒక్కొక్కరి తెలివీ కలిసి ఊరుమ్మడి తెలివితక్కువ అవుతుందన్నమాట. ఒప్పుకుంటాను. కానీ దానికి మందు కూడా ఆ డబ్బాలోనే ఉంది: ఒకటి పది సెకన్లు, ఇంకొకటి నిమిషం ఆగి లేచేలా టైమరు పెట్టుకోవచ్చు. ముందు ఎవరు ఆగాలన్నదే తగువు. దానికి ఏ టైమరూ లేదు.

టెక్నాలజీ వాళ్లు ప్లాట్‌ఫారం అనే మాట తెగ వాడతారు. ఎవరికి తోచింది వాళ్లు కట్టుకోవడానికి పరిచిపెట్టిన అరుగన్నమాట. ఆ లెక్కన బేతంచెర్ల నాపబండను మించిన ప్లాట్‌ఫారం లేదు. పరిస్తే నేల, పైన కప్పితే మిద్దె, పొలం చుట్టూ నిలబెడితే కంచె, అంచులు అతికితే గొడ్ల తొట్టి, రెండు రాళ్ల మీద పడుకోబెడితే ఊరి రాజకీయమంతా దాని మీదే. వాడే విధానం పుస్తకం లేదు, అప్‌డేట్ రమ్మని సతాయించదు.

బయటనుంచి వచ్చినదాన్ని మన దారికి తిప్పుకోవడం ఈనాటి అలవాటు కాదు. 1863లో కర్నూలు-కడప కాలువ తవ్వకం మొదలుపెట్టిన మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ లెక్కల్లో పొలాలకు నీళ్లతోపాటు పడవల రవాణా కూడా ఉంది. ఆ కాలానికి అదే తాజా టెక్నాలజీ. పది లక్షల పౌన్ల పెట్టుబడికి ప్రభుత్వం ఐదు శాతం వడ్డీ హామీ ఇచ్చింది. ఖర్చు అంచనాలు దాటింది, రైతులేమో నీళ్లు కొనడానికి ఎగబడలేదు. చివరికి 1882లో, ఇవాళ్టి భాషలో చెప్పాలంటే, గిరాకీ లేని స్టార్టప్‌ను సర్కారే కొనుక్కుంది. పోనుపోను పడవలు పోయాయి, వరిమళ్లు మిగిలాయి.

అవసరమే అన్నీ నేర్పేటట్టయితే కరువు సీమ ఈపాటికి ఎడిసన్లతో కిక్కిరిసిపోవాలి గదా అని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. కరువును పొగడటం కడుపు నిండినవాళ్ల సరదా. పుల్ల దోపాలన్నా ముందు స్టార్టరుండాలి, స్టార్టరుకు బోరు, బోరుకు అప్పు, అప్పుకు పాసుపుస్తకం. నీటి జాడ చెప్పేవాడి అరచేతిలో కొబ్బరికాయ నిటారుగా లేచిన చోటే బోరు వెయ్యడుగులు దింపినా దుమ్మే లేచినవాడికి కొత్త ఆలోచనంటే బెంగళూరు బస్సే. పూర్తి లేమిలో ఏదీ మొలవదు. చేతికి అందీ అందకుండా ఉన్నప్పుడే చెయ్యి సాగుతుంది.

అట్లాగని అందరికీ అన్నీ అందవు. గని, శకునాల ఊళ్ల దగ్గర ఆరు వేల ఎకరాలకు కాస్త తక్కువలో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. తరతరాలుగా తిట్టుకున్న ఎండకు మొదటిసారి రేటు పలికింది. తీరా చూస్తే ఆ పలకలకు ఎండ కావాలి గానీ వేడి సరిపడదు. 25 డిగ్రీలు దాటాక పలక వేడెక్కే ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం ఉత్పత్తి పడిపోతుంది. వేడి లేని ఎండ కావాలంటే కర్నూలుకు ఎవరు రమ్మన్నారు? పైగా దుమ్ము పడితే కడగాలి, కడగడానికి నీళ్లు. చుట్టూ తిరిగి కథ మళ్లీ బిందె దగ్గరికే వచ్చింది. పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ సంగతి ఇంకా చిత్రం. పగటి సౌర విద్యుత్తుతో నీళ్లను పై జలాశయానికి ఎక్కించి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీయడం దాని పద్ధతి. తాగడానికీ కాదు, తడపడానికీ కాదు. ఎక్కి దిగడమే ఆ నీళ్ల ఉద్యోగం. ఉపాయం ముచ్చటైనదే, కాదనను. కానీ ఈ రెండుచోట్లా రైతు పుల్ల దోపగల బటన్ ఎక్కడా కనిపించదు. అది కంచె అవతల ఉంది.

ఓర్వకల్లులో 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ కట్టాలని రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టింది. డ్రోను పురుగుమందు చల్లుతుంది, సర్వే చేస్తుంది, పెళ్లిలో తలంబ్రాల మీద ఎగురుతుంది. ఇవి కంపెనీకి తెలిసిన పనులు. ఈలోగా కూరగాయల బండికి కట్టే చిన్న మైకును చేలో కర్రకు కట్టి, బుడ్డల పంట మీద పడే అడవిపందులకు రాత్రంతా మనిషి కేకలు, కుక్క అరుపులు వినిపిస్తున్నారు. నాలుగు రోజులు బెదిరి, అయిదో రోజు ఆ కుక్క కదలదని పంది కనిపెట్టేస్తుంది. కాబట్టి ఆ మైకు డ్రోను కిందికి ఎక్కే రోజు ఎంతో దూరంలో లేదు. దానికి వారంటీ వర్తించదని కంపెనీవాడు అంటాడు. ఆ కాగితం పంది చేత చదివించే పూచీ కూడా ఆయనే తీసుకుంటే బాగుంటుంది.