లాక్రోస్‌లో సీటు

పిల్లల్ని ఇంటర్ చదివించిన తెలుగింట్లో పెరిగినవాడికి ఒక విద్య అప్రయత్నంగా అబ్బుతుంది: ర్యాంకుల ప్రకటన చదవడం. ఫలితాల మర్నాడు పేపరు నిండా పాస్‌పోర్టు సైజు మొహాలు, కింద హాల్‌టికెట్ నంబర్లు, టీవీలో ఊపిరి తీసుకోకుండా ఒకటి, ఒకటి, రెండు, మూడు అని అరిచే గొంతు. ఒకే కుర్రాడు రెండు కాలేజీల ప్రకటనల్లో రెండు రంగుల టైలు కట్టుకుని నవ్వుతుంటాడు. ఈ విద్యకి అమెరికాలో పనుండదనుకున్నాను. కానీ మేం కాపురముండేది మేరీల్యాండ్‌లో, మా అమ్మాయి ఆడేది లాక్రోస్.

కర్ర చివర చిన్న వల, ఆ వలలో రబ్బరు బంతి. దాన్ని కింద పడకుండా ఊపుకుంటూ పరిగెత్తి, అవతలివాళ్ల గోల్‌లోకి విసరాలి. మైదానంలో ఒకేసారి ఆడపిల్లల జట్టుకి 12 మంది, మగపిల్లల జట్టుకి 10 మంది. మేరీల్యాండ్ 2004లో దీన్ని అధికారిక జట్టు క్రీడగా ప్రకటించింది. 1962 నుంచీ ఉన్న అసలు రాష్ట్ర క్రీడ మాత్రం వేరు: గుర్రం దౌడు తీస్తుండగా, వేలాడే ఉంగరాల్ని బల్లెంతో ఎత్తుకుపోవడం. దానికి కాలేజీల్లో సీట్లున్నట్టు ఎవరూ చెప్పలేదు కాబట్టి మా ఇంట్లో దాని మీద చర్చ జరగలేదు.

లాక్రోస్‌కి ఉన్నాయని చెప్పారు. చెప్పింది డబ్బు కట్టించుకుని ఆట నేర్పే క్లబ్బులే.

ఇక్కడ పిల్లల్ని తరగతితో పిలవరు. హైస్కూల్ ఎప్పుడు పూర్తవుతుందో ఆ సంవత్సరంతో పిలుస్తారు. మా అమ్మాయి పేరు మైదానంలో "ట్వంటీ థర్టీ". ప్రతి క్లబ్బులోనూ ఒక్కో సంవత్సరానికి రెండు మూడు జట్లు. మొదటి జట్టుకి ఒక రంగు, రెండోదానికి ఇంకో రంగు, మూడోదానికి మర్యాదైన పేరు. ప్రతి క్లబ్బుకీ ఒక పోస్టరు. దాని మీద ఏ పిల్ల ఏ యూనివర్సిటీకి "కమిట్" అయిందో ఫోటోలూ లోగోలూ వరసగా ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. పరాయి దేశంలో మన ర్యాంకుల పేజీ!

మా ఆవిడ ఎక్సెల్ తెరిచింది. నేను లోగోలు లెక్కపెడుతుంటే తను వేరే లెక్కలు వేసింది. ఈ పోస్టరులో ఉన్న గోల్‌కీపర్ ఆ పోస్టరులోనూ ఉందేం? ఈ ఎనిమిది మందిలో చిన్నప్పట్నుంచీ ఇక్కడే ఆడినవాళ్లెందరు, పోయిన వేసవిలో పక్క క్లబ్బునుంచి వచ్చి చేరినవాళ్లెందరు? లోగోల్లో కాలేజీ ఆటల్లో పైమెట్టయిన డివిజన్ వన్ ఎన్ని, కిందిమెట్టయిన డివిజన్ త్రీ ఎన్ని? చేరినవాళ్లలో రెండో ఏడు కూడా జట్టులో ఉన్నవాళ్లెవరు? మా ఆవిడ ఇంటర్‌లో స్టార్ బ్యాచ్ కాదు, జి సెక్షన్. తాము కట్టిన ఫీజుతో స్టార్ బ్యాచ్‌కి ఏసీ పెట్టారని ఆ సెక్షన్ వాళ్లకి ఉన్న నిశ్చితాభిప్రాయం ఇన్నేళ్లయినా చెదరలేదు. "మూడో జట్టెందుకనుకున్నారు? మొదటి జట్టుకి ఫ్లోరిడా టికెట్లు ఎవరు కొనాలి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

తెనాలినుంచి మా అత్తగారు వారానికోసారి వీడియో కాల్‌లో సమీక్ష జరుపుతారు.

"సీటొస్తే ఫ్రీయేనా అల్లుడుగారూ?"

"కాదండీ. మొన్నమొన్నటిదాకా డివిజన్ వన్‌లో ఆడపిల్లల జట్టుకి మొత్తం 12 స్కాలర్‌షిప్పులే. జట్టులో ముప్ఫై మంది పైనే. కాబట్టి ముక్కలు చేసి పంచేవాళ్లు."

"ఇప్పుడు?"

"2025 నుంచి చాలా చోట్ల ఆ పరిమితి తీసేసి, జట్టులో 38 మందే ఉండాలన్నారు. పరిమితి తీశారు గానీ డబ్బు పెట్టమని ఎవర్నీ బలవంతపెట్టలేదు."

"హార్వర్డ్‌లో?"

"ఐవీ లీగ్‌లో ఆటకి డబ్బే ఇవ్వరు. డివిజన్ త్రీలో కూడా ఇవ్వరు."

అత్తగారు కాసేపు ఆలోచించారు. "మరి ఈ క్లబ్బుకి మీరెంత కడుతున్నారు?"

సిగ్నల్ సరిగా లేదని చెప్పి ఫోను మా ఆవిడకిచ్చాను.

మిగిలిన లెక్క నేను రాత్రిళ్లు వేసుకున్నాను. దేశంలో హైస్కూల్ లాక్రోస్ ఆడే ఆడపిల్లలు 90 వేలకు పైనే. డివిజన్ వన్ కాలేజీ జట్లు 120 పైచిలుకు. ఒక్కోదాంట్లో ఏటా ఖాళీ అయ్యేవి పదికి అటూ ఇటూ. కలిపితే వెయ్యి పైన సీట్లు. మన ఐఐటీ పోటీతో పోల్చుకుంటే ఇదేమంత ఘోరం కాదని ధైర్యం తెచ్చుకున్నాను. ఆ వెయ్యి సీట్లకీ లాంగ్ ఐలాండ్‌లోనూ, బాల్టిమోర్‌లోనూ కర్ర చేత పట్టుకునే పుట్టినట్టుండే పిల్లలు వరసలో నిలబడి ఉన్నారని మొదటి టోర్నమెంటులో తెలిసింది.

ఆ టోర్నమెంటుల గురించి చెప్పాలి. జులై ఎండ, ఇరవై మైదానాలు, ఒక్క చెట్టు లేదు. నిర్వాహకులు చెప్పిన హోటల్లోనే దిగాలి, లేకపోతే జట్టునే రానివ్వరు. గీత అవతల మడత కుర్చీల్లో కాలేజీ కోచ్‌లు, యూనివర్సిటీ గుర్తున్న చొక్కాలతో, మొహంలో ఏ భావమూ లేకుండా కూచుంటారు. ఇది హోడెనోషోనీలవంటి ఇక్కడి ఆదివాసీల ఆట. సృష్టికర్తకి సంతోషం కలగాలనీ, జబ్బుపడ్డవారు కోలుకోవాలనీ ఆడేవారట. ఇప్పుడు అందరి కళ్లూ ఆ మడత కుర్చీల మీదే. కోచ్ పెన్ను తీస్తే తల్లిదండ్రులకి గుండె ఝల్లుమంటుంది. మా ముందువరసలో ఒకాయన బైనాక్యులర్స్‌తో ఆ నోట్‌బుక్కే చూస్తున్నాడు.

అసలు కోచ్‌లు మాట్లాడకూడదు. ఒకప్పుడు తొమ్మిదో తరగతి, కొందరైతే ఎనిమిదో తరగతి పిల్లలే ఫలానా యూనివర్సిటీకని మాట ఇచ్చేసేవారు. బాల్యవివాహాల్లా ఇదీ శ్రుతిమించడంతో 2017లో నిబంధన పెట్టారు: పదకొండో తరగతిలో సెప్టెంబర్ 1 వచ్చేదాకా రిక్రూట్‌మెంట్ మాట ఎత్తకూడదు. ఆ తేదీ రాగానే, అర్ధరాత్రి పన్నెండు దాటీ దాటకముందే ఫోన్లు మోగుతాయి. మోగని ఇళ్లలో ఛార్జర్ సరిగా పెట్టారో లేదో చూసుకుంటారు. అప్పటిదాకా కోచ్‌ది మౌనవ్రతమే. అయితే ఆ వ్రతంలోనూ, తన యూనివర్సిటీలో డబ్బు కట్టి చేరే క్యాంపు కరపత్రం మాత్రం పంపొచ్చు. మా అమ్మాయికి అలాంటి ఆహ్వానం ఒకటి వచ్చింది. మా బంధువులందరికీ ఫార్వర్డ్ చేశాను. పక్కింటి పిల్లకీ అదే వచ్చింది; ఆ పిల్ల ఈత కొడుతుంది.

మగపిల్లల వైపు ఇంకో విచిత్రం. కోచ్‌ల కంటికి కాస్త పొడుగ్గా, బలంగా కనబడాలని కొందరు కుర్రాళ్ల చేత ఎనిమిదో తరగతి మళ్లీ చదివిస్తారు, అదీ ఖరీదైన ప్రైవేటు బడిలో. మా ఊళ్లో ఎనిమిది రెండుసార్లు చదివినవాడు వీధిలోకొస్తే తలెత్తేవాడు కాదు. ఇక్కడ తండ్రి గర్వంగా చెప్పుకుంటాడు.

నా అభిప్రాయం అడిగితే, క్లబ్బు పిల్లల్ని తయారుచేసేది తక్కువ, తయారైనవాళ్లని పోగేసేది ఎక్కువ. పెద్ద క్లబ్బు మొదటి జట్టులో నిజంగా చోటుంటే వెళ్లాల్సిందే, కోచ్‌లు అక్కడికే వస్తారు. లేకపోతే, పిల్ల బెంచీ మీద కాకుండా మైదానంలో ఉండే జట్టు, సాయంత్రం ట్రాఫిక్‌లో అరగంటలో చేరుకోగలిగే జట్టు మేలు. ఐవీ కోచ్‌లు ఆట నచ్చాక మార్కుల కాగితాలు ముందే అడ్మిషన్ ఆఫీసుకి చూపించుకుంటారు. ఆ సంగతి ఏ క్లబ్బు పోస్టరు మీదా ఉండదు. అది వినగానే మా అమ్మాయికి ఆల్జీబ్రా ట్యూషన్ పెట్టించింది మా ఆవిడ. అన్నట్టు, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో లాక్రోస్‌నీ క్రికెట్‌నీ కలిపి చేర్చింది 2023 అక్టోబరులో, ఒలింపిక్ కమిటీ ముంబై సమావేశంలోనే. ఆ రోజు మా నాన్న ఫోన్ చేసి, క్రికెట్ సంగతి ఒక్కటే చెప్పి పెట్టేశారు.

మొన్న ఒక పేరున్న క్లబ్బు పరిచయ సమావేశానికి వెళ్లాం. తెర మీద లోగోలు మెరిసిపోతున్నాయి. ప్రశ్నలేమైనా ఉన్నాయా అన్నారు. జి సెక్షన్ లేచి నిలబడింది.

"పోయినేడు బయటికెళ్లిన బ్యాచ్‌లో మీ మూడో జట్టు పిల్లలు ఎంతమంది ఇప్పుడు కాలేజీలో ఆడుతున్నారు?"

డైరెక్టర్ గారు చాలా చాలా మంచి ప్రశ్న అన్నారు. తర్వాతి స్లయిడ్‌కి వెళ్లారు. అందులో బ్యాగు, రెండు జెర్సీలు, హూడీ ఉన్నాయి, హూడీ తప్పనిసరి.

బయట పార్కింగులో, ముక్కూ మొహం తెలియని తెలుగాయన ఒకరు పరిగెత్తుకుంటూ వచ్చి మా ఆవిడతో అన్నాడు:

"అక్కా, ఆ మూడో జట్టు జవాబు ఎప్పుడన్నా తెలిస్తే నాకూ వాట్సాప్ చెయ్యండి. మాది ఆ జట్టే. డిపాజిట్ కట్టేశాం, వెనక్కివ్వరట."