గోధుమరంగు సీసా

నేను ఫ్యూమ్ హుడ్‌ని. హైదరాబాదులో ఓ యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో గోడవారగా ఉంటాను. ఘాటు ఆవిర్లను లోపలికి లాక్కుని డాబా మీది గొట్టంలోంచి పైకి వదలడం నా కొలువు.

2020 మార్చిలో కరోనా వల్ల హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. స్కాలర్లు ఎక్కడి పని అక్కడే వదిలేసి బస్సులకు పరిగెత్తారు. అటెండరు నా ఫ్యాను ఆపి, అద్దం దించి వెళ్లాడు. నాలో ఒక గోధుమరంగు సీసా ఉండిపోయింది. నేనేం బీరువానా, సీసాలు దాచుకోడానికి? చెబితే వినేదెవరు!

పక్కగదిలోని మైనస్ 80 ఫ్రీజర్‌ని చూసిపోవడానికి అటెండరు అప్పుడప్పుడూ వచ్చేవాడు. మే 7న విశాఖ దగ్గర జనం మీదికి స్టైరీన్ ఆవిరి కమ్మిన కబురు అతని ఫోన్లోనే విన్నాను. ట్యాంకులో కదలకుండా నిలవున్న సరుకు తనంతట తానే వేడెక్కిందట. ఆ రాత్రంతా నా కన్ను సీసా మీదే.

ల్యాబు పని ఉన్న స్కాలర్లను అక్టోబరు 15 నుంచి రానివ్వచ్చని కేంద్రం చెప్పింది. ఆ తర్వాత ఓ పొద్దున తలుపు తెరుచుకుంది. నుదుటికి జ్వరం చూసే గన్ను, నేల మీద పసుపు గుండ్రాలు, బెంచికొక్కరు. వైరస్‌ని ఆపడానికి కావలసినవన్నీ ఉన్నాయి. సింకు మాత్రం గుప్పున కంపు కొట్టింది. వంపు గొట్టంలో నీళ్లు ఎండిపోయాయి మరి. స్కాలరమ్మాయి మగ్గుతో నీళ్లు పోసింది. శానిటైజర్ చేతులతో బర్నర్ దగ్గరికి ఎవర్నీ పోనివ్వలేదు.

నా ఫ్యాను వేసి, అద్దం కాస్త ఎత్తి, అంచున టిష్యూ ముక్క పట్టుకుంది. అది వేలాడిందే తప్ప కదల్లేదు. సిగ్గేసింది. అటెండరు డాబా ఎక్కి గొట్టంలోంచి పావురాల గూడు పుల్లలు బుట్టెడు తీసుకొచ్చాడు. ఈసారి టిష్యూ లోపలికి రెపరెపలాడింది.

అప్పుడు అతని చూపు సీసా మీద పడింది.

"ఇదేంది మేడం, తీసి పారబొయ్యనా?"

"అన్నా, ముట్టకు!"

డైఐసోప్రొపైల్ ఈథర్. మూత తీశాక 3 నెలలకు మించి ఉంచకూడని సరుకు. గాలి సోకితే పెరాక్సైడ్లు పుడతాయి. మూత అంచున తెల్లటి స్ఫటికాలు పటికబెల్లంలా మెరుస్తున్నాయి. మూత తిప్పిన రాపిడికే పేలగలవు. ఆమె నా అద్దాన్ని మెల్లగా దించి, అందర్నీ బయటికి పంపి, గుమ్మం దాటాక సేఫ్టీ వాళ్లకి ఫోన్ చేసింది.

వాళ్లొచ్చేదాకా తలుపు గాజులోంచి లేబుల్ వంకే చూస్తూ నిలబడింది. మూత తీసిన తేదీ 18-3-2020. దస్తూరి ఆమెదే.