లప్పం పెట్టేద్దాం సార్

గోడకు చెమ్మ దిగితే పెయింటర్‌ని పిలిచే జాతి మనది. ప్లంబర్‌ని పిలవొచ్చు. కానీ ప్లంబర్ వస్తే పైపు చూడాలంటాడు. పైపు చూడాలంటే పై ఫ్లాట్‌లోకి వెళ్లాలి. వెళ్లాలంటే పై ఫ్లాటాయనతో మాట కలపాలి. మాట కలపాలంటే పోయిన ఉగాది నాటి పార్కింగ్ గొడవని ఇద్దరిలో ఎవరో ఒకరు మర్చిపోవాలి. అంత త్యాగానికి ఎవరు సిద్ధం? పెయింటర్‌తో ఈ తలనొప్పులేవీ ఉండవు. వస్తాడు, గోడని వేలి కణుపుతో రెండుసార్లు తడతాడు, "ఏం లేద్సార్, లప్పం పెట్టేద్దాం" అంటాడు. ఆ మాటకి ప్రాణం ఎంత తేలికపడుతుందో సొంతిల్లున్నవాళ్లకే తెలుసు. అద్దెకున్నవాళ్లకి ఆ భాగ్యం లేదు, వాళ్లు ఓనరుకి ఫొటో పంపి ఊరుకుంటారు.

లప్పాన్ని చిన్నచూపు చూడకండి. సొట్ట, బీట, పాత మేకు చిల్లు, పిల్లలు క్రికెట్ బంతితో కొట్టిన గుంట, దేన్నయినా కారణం అడక్కుండా కడుపులో దాచుకుంటుంది. ఆరాక గరుకు కాగితంతో రుద్ది రంగేస్తే, ఆ గోడకి గతమే లేదు. మా హాల్లో టీవీ వెనక గోడకి ఎన్ని పొరల లప్పం ఉందో పురావస్తు శాఖ వాళ్లు తవ్వితే గానీ తేలదు. ఒక్కో పొర ఒక్కో దసరా నాటిది. ఒక పొర మాత్రం పెళ్లిచూపుల కాలం నాటిదని మా ఆవిడ అంటుంది. అది మా మరదలి పెళ్లిచూపులు, మా ఇంట్లోనే పెట్టారు. గోడ నచ్చింది గానీ సంబంధం కుదరలేదు.

ప్రతిసారీ కథ ఒకేలా మొదలవుతుంది. వానాకాలం దాటాక రంగు మీద చిన్న పొక్కు లేస్తుంది. వేలితో నొక్కితే పుటుక్కుమంటుంది, లోపల తెల్లటి పొడి. ఆ పొడి ఉప్పగా ఉంటుందని మా మామగారు నాలుక మీద వేసుకుని మరీ తేల్చారు. రిటైరైన సైన్సు మాస్టారు, ఆపలేం. ఇటుకలో, సిమెంటులో ఉన్న లవణాలు నీళ్లలో కరిగి గోడ పైకి వస్తాయట, నీరు ఆరిపోయాక అక్కడే గడ్డకట్టి, రంగుని వెనకనుంచి నెడతాయట. "కాబట్టి అల్లుడుగారూ, ఇది రంగు రోగం కాదు, నీటి రోగం" అన్నారు. పెయింటర్ ఆ మాట విని గౌరవంగా తలూపి, "అందుకే సార్, ఈసారి డ్యాంప్ ప్రూఫ్ కొడదాం" అన్నాడు. గ్యారంటీ ఉందా అని అడిగాను.

"ఉంది సార్, పదేళ్లు."

"గోడకా?"

"డబ్బాకి సార్."

ఈసారి మా ఆవిడ ఒప్పుకోలేదు. పైపు చూడకుండా రంగేయిస్తే ఆ డబ్బాతో పాటు నన్నూ బాల్కనీలో పెడతానంది. దాంతో ప్లంబర్ వచ్చాడు, మేమిద్దరం పైకెళ్లాం. పై ఫ్లాటాయన తలుపు తీసి, బాత్రూం చూపించి, మా మీదే కేసు పెట్టేశాడు. "చూడండి అన్నగారూ, మా నేల పొడిగా ఉంది, మా గోడలు పొడిగా ఉన్నాయి. నీళ్లు మీ ఇంట్లో ఉన్నాయి. అంటే సమస్య ఎవరిది?" ఈ వాదనకి ఏ కోర్టులోనైనా కనీసం వాయిదా దొరుకుతుంది.

ప్లంబర్ పరీక్ష చెప్పాడు. నహానీ ట్రాప్‌లో గుడ్డ కుక్కి, బాత్రూం నేల మీద రెండంగుళాల నీళ్లు నిలబెట్టి ఒక రోజు వదిలేస్తే, కారుతోందో లేదో కింద మా గోడే చెప్తుంది. "ఒక రోజంతా స్నానాలు మానెయ్యాలా?" అని ఆయన నిలదీశాడు. రెండో బాత్రూం ఉంది కదండీ అన్నాను. తలుపు తీసి చూపించాడు. పాత కూలరు, రెండు సూట్‌కేసులు, పిల్లాడి మొదటి సైకిలు, సంక్రాంతి బొమ్మల అట్టపెట్టెలు, ఒక ట్రెడ్‌మిల్. ట్రెడ్‌మిల్ మీద దుప్పట్లు. తెలుగు మధ్యతరగతి రెండు బాత్రూముల ఫ్లాటు ఎందుకు కొంటుందో ఆ పూట నాకు పూర్తిగా బోధపడింది.

సరే, నీళ్లు నిలబెట్టాం, కారింది, తవ్వాం. ట్రాప్ చుట్టూ సిమెంటు ఎప్పుడో విడిపోయి ఉంది. దాన్ని పూడ్చడానికొచ్చిన తాపీ మేస్త్రీ, సాయంత్రానికల్లా టైల్స్ కూడా వేసేస్తానన్నాడు. ఆయన కూర్చున్న బస్తా మీద 53 అని అచ్చేసి ఉంది. ఆ సిమెంటు కలిపి పోసిన 28 రోజులకి చదరపు మిల్లీమీటరుకి కనీసం 53 న్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాలని దానర్థం. మామూలు సిమెంటు పనికి కనీసం 7 రోజులు నీళ్లు కొట్టి తడి ఆరకుండా చూడాలని మన ప్రమాణాలే చెప్తాయి. ఇదంతా మామగారు మేస్త్రీకి విడమర్చి చెప్పారు. మేస్త్రీ ఓపిగ్గా విన్నాడు. "అవన్నీ పుస్తకాల్లో సార్. నాకు రేపు నిజాంపేట్‌లో స్లాబుంది" అన్నాడు.

ఈ భాగోతం మా గోడతో ఆగిపోతే దీని గురించి రాయాల్సిన పనే లేదు. తమాషా ఏమిటంటే, మేస్త్రీ రాకకోసం సెలవు పెట్టిన రోజులు మినహాయిస్తే నేను తిరిగే ఊరూ, చేసే ఉద్యోగమూ, మోసే ఒళ్లూ అన్నీ పెయింటర్ల చేతుల్లోనే ఉన్నాయి. ప్లంబర్ ఎక్కడా కనపడడు.

ఊరి సంగతే చూడండి. సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. ఆ పక్కనే ఇంకోటి, దాని పక్కన మరోటి అంటూ పాతికేళ్లలో హైదరాబాద్ ఐటీ ఉద్యోగాల్లో సింహభాగాన్ని పడమటి మూలకి కుక్కాం. ఇళ్లు మాత్రం నాలుగు దిక్కులా కట్టుకున్నాం. అందరూ పొద్దున ఒకే గంటకి లోపలుండాలని, సాయంత్రం ఒకే గంటకి బయటపడాలని పెట్టుకున్నాం. ఆపైన రోడ్డు జామైతే ఆశ్చర్యపోతాం, ఆశ్చర్యపోయిన చోటల్లా ఒక ఫ్లైఓవర్ కడతాం. షేక్‌పేట ఫ్లైఓవర్ 2022 కొత్త సంవత్సరం కానుకగా వచ్చింది, 2.8 కిలోమీటర్లు. పనికిరాదని ఎవరన్నారు? ఎక్కినంతసేపు దేవలోకమే. దిగాకే అసలు కథ. రద్దీ రోడ్డుని ఎంత వెడల్పు చేస్తే అంతకు సరిపడా బండ్లు వచ్చి చేరతాయని ఆంథనీ డౌన్స్ అనే అమెరికా ఆర్థికవేత్త 1962లోనే రాసిపెట్టాడు. మనం ఆయన్ని చదవకపోయినా, ఆయన చెప్పింది తు.చ. తప్పకుండా పాటిస్తున్నాం.

పైపు ఎక్కడ కారుతోందో తెలియక కాదు సుమా. 2023 జూలైలో వానలు దంచికొట్టినప్పుడు సైబరాబాద్ పోలీసులే ఐటీ కంపెనీలకి వేళలిచ్చారు. ఈ వైపు ఆఫీసుల వాళ్లు ఇన్నింటికి బయల్దేరండి, ఆ వైపు వాళ్లు ఇంకాస్త ఆగి బయల్దేరండి అని. సిమెంటు బస్తా అక్కర్లేదు, క్రేను అక్కర్లేదు, భూసేకరణ అక్కర్లేదు. ఒక్క కాగితం. వాన వెలిసింది, కాగితం చిత్తైంది, మళ్లీ అందరం ఒకే గంటకి ఒకే సిగ్నల్ దగ్గర కలుసుకుంటున్నాం.

నేను మెట్రో మనిషిని. మాది కేపీహెచ్‌బీ, ఆఫీసు రాయదుర్గం. మ్యాపులో చూస్తే పక్కపక్కనే. మెట్రోలో మాత్రం ముందు మూసాపేట, భరత్‌నగర్, ఎర్రగడ్డ మీదుగా ఊళ్లోకి ప్రయాణం చేసి, అమీర్‌పేటలో దిగి, లైను మారి, యూసఫ్‌గూడ, పెద్దమ్మగుడి, దుర్గంచెరువు మీదుగా మళ్లీ వచ్చిన దిక్కుకే పోవాలి. పక్కింటికి వెళ్లడానికి అమ్మమ్మగారి ఊరు తిరిగి రావడమన్నమాట. అయినా నాకు మెట్రో అంటే ఇష్టం. అందులో ఎవరూ హారన్ కొట్టరు. అమీర్‌పేటలో మాత్రం మూడు బోగీల రైల్లోకి ఆరు బోగీల జనం ఎక్కుతారు. అక్కడ నడక మన ఇష్టం కాదు. గుంపు మనల్ని ఎత్తుకెళ్లి ఎస్కలేటర్ మీద పెడుతుంది. ఒక చేత్తో బ్యాగు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుంటే మణికట్టు ఊగదు కాబట్టి నా చేతి గడియారం ఆ నడకలో చాలా భాగాన్ని లెక్కే వెయ్యదు. అదే ఆదివారం స్కూటర్ మీద కూరగాయలకి వెళ్తే, మా కాలనీ గుంతల కుదుపులన్నీ అడుగులుగా రాసుకుని, లక్ష్యం చేరారని వీపు తట్టింది. ఆ పదివేల అడుగుల లక్ష్యమేమీ డాక్టర్లు కూర్చుని తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రానికి అమ్మకాల కోసం పెట్టిన పేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కాస్త అలిసేలా కదలమని. కానీ 150 నిమిషాలకి గడియారం అమ్ముడుపోదు కదా.

ఇంత తిప్పలుపడి ఆఫీసుకెళ్లి చేసేదేమిటంటే, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని పుణె వాళ్లతో ఫోన్లో మాట్లాడటం. నా టీములో ఒక్కరూ ఈ ఊళ్లో లేరు. అయినా వారానికి మూడు రోజులు గేటు దగ్గర కార్డు గీకాలి. కలిసి కూర్చుంటే ఆలోచనలు పుడతాయట. నాకు లిఫ్టు కోసం క్యూలో ఉన్నప్పుడు పుడుతుంటాయి, అచ్చువేసే రకం కాదు. ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023లో యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు దేశమంతా రెండుగా చీలి పోట్లాడుకుంది. మా మెట్రో బోగీలో మాత్రం ఎవరూ నోరెత్తలేదు. దారిలో పోయే గంటలు కూడా ఆ లెక్కలో కలుస్తాయా లేదా అన్నది తేలనిదే ఎలా మాట్లాడతారు?

ఈ కూర్చోవడాలూ నిలబడడాలూ అన్నీ కలిసి చివరికి నడుముకి వచ్చాయి. ఆఫీసు వాళ్లు మంచివాళ్లు, నడుం బెల్టు ఇచ్చారు. కుర్చీలో కూర్చునే చేతులు పైకెత్తే వ్యాయామాల వీడియో పంపారు. కుర్చీలోంచి లేవమని మాత్రం ఎవరూ అనలేదు. ఆ తర్వాత ఒళ్లంతా పరీక్షించే ప్యాకేజీ వచ్చింది, రాయితీలో. రిపోర్టు పుస్తకమంత మందం, విటమిన్ డి పేజీలో ఎర్ర అక్షరాలు. డాక్టరు దాన్ని తిరగేసి, ఇంకో మాట మాట్లాడకుండా 60,000 యూనిట్ల సాచెట్లు రాశాడు, వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు, పాలల్లో కలుపుకుని. రోహిణి కార్తెకి రోళ్లు పగిలే ఊళ్లో ఎండ అందక మనిషికి లోటొచ్చింది. దాన్ని మందుల షాపులో పొట్లంలో కొనుక్కుంటున్నాం, బిల్లు అడిగి మరీ.

ఈ డాక్టర్ పెయింటర్ వర్గంలోనే ఒక ప్లంబరు. లేవబోతుంటే ఆపాడు.

"మీ ఆఫీసు అద్దాల బిల్డింగేనా?"

"చుట్టూ అద్దాలే సార్. కిటికీ పక్కనే నా సీటు. రోజంతా ఎండలోనే ఉంటాను."

"ఉన్నా లాభం లేదు. ఒంట్లో డి తయారుచేసే కిరణాలు అద్దం దాటి రావు. వేడి మాత్రం వస్తుంది."

ఆ ఒక్క ముక్కతో మా బిల్డింగు గుట్టంతా తెలిసిపోయింది. మేలు చేసేది బయటే ఆగిపోతుంది, ఉక్కపోత లోపలికొస్తుంది. ఉక్క పోగొట్టడానికి ఏసీ, ఏసీ చలికి మెడ పట్టేస్తే స్ప్రే, రాని విటమిన్‌కి సాచెట్. డాక్టర్ వైద్యం చెప్పాడు. మన నీడ మనకంటే పొట్టిగా ఉండే వేళ, అంటే పదకొండుకీ రెండుకీ మధ్య, కాసేపు చేతులూ ముఖమూ ఎండకి పెట్టుకుని బయట నిలబడితే చాలన్నాడు. ఖర్చు లేదు, పాలు అక్కర్లేదు.

ఆ వేళకి నేనెక్కడుంటానో మీకు తెలిసిందే. అయినా మా ఆవిడ ఒత్తిడి మీద హెచ్‌ఆర్ వాళ్లకి మెయిల్ పెట్టాను. మధ్యాహ్నం కాసేపు మా బిల్డింగు డాబా మీదకి వెళ్లనివ్వమని, డాక్టరు చీటీ జతచేసి మరీ. గంటలో జవాబొచ్చింది, చాలా మర్యాదగా. భద్రతా కారణాల వల్ల డాబాకి తాళం వేశారట, తీయడం కుదరదట. అయితే ఉద్యోగుల ఆరోగ్యమే తమకు ప్రధానం కనుక నా సూచనని ఎంతో విలువైనదిగా భావించి, సూర్యరశ్మి ప్రయోజనాల మీద శుక్రవారం మధ్యాహ్నం 12 గంటలకి గంటన్నరపాటు అవగాహన సదస్సు పెట్టారట. స్థలం రెండో బేస్‌మెంట్‌లోని ట్రైనింగ్ రూమ్. హాజరు తప్పనిసరి. కింద ఏసీ కాస్త ఎక్కువగా ఉంటుంది కాబట్టి స్వెటర్ తెచ్చుకోవలసిందిగా మనవి.