అద్దం నిర్దోషి

సొంత కారు రిజిస్ట్రేషన్‌కు చట్టం ఇచ్చిన ఆయుష్షు 15 ఏళ్లు. అది నిండాక బండిని తీసుకెళ్లి చూపించి, మరో 5 ఏళ్లు పొడిగింపు తెచ్చుకోవచ్చు. మా కారు ప్రస్తుతం ఆ పొడిగింపులో ఉంది. రిటైరయ్యాక మళ్లీ పిలిచి కూర్చోబెట్టిన పెద్ద గుమాస్తాలా పనైతే చేస్తుంది గానీ, ఎప్పుడు చేయాలో తానే నిర్ణయించుకుంటుంది. అయినా ఇంట్లో ఎవరికీ దాని ఇంజను మీద ఫిర్యాదు లేదు, బ్రేకుల మీదా లేదు. అందరి కోపం ముందు అద్దం మీదే. ఆవిరి పడుతోందట, దారి కనబడటం లేదట. నేను ఆ అద్దం తరఫున మాట్లాడదలిచాను.

ముందు అద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలు చెబుతున్నాయి. నల్ల ఫిల్ముల సంగతి 2012లో సుప్రీంకోర్టు తేల్చేసింది. దేశంలో ఇంత న్యాయం ఉండి కూడా, వానాకాలంలో అద్దానికి తెల్లటి తెర పడితే అడిగే నాథుడు లేడు. నల్లగా ఉంటే చలానా, తెల్లగా ఉంటే కర్మ.

మా విశాఖలో ఈ ఆవిరి రెండు రకాలు. ఊళ్లో ఉక్కపోసే రాత్రి ఏసీ వేస్తే అద్దం చల్లబడి బయటివైపు పడుతుంది. వైపరు ఒక్కసారి తిప్పితే పోతుంది. చల్లగాలి అద్దానికి తగలకుండా మళ్లిస్తే తిరిగి రాదు. ఇది మర్యాద తెలిసిన ఆవిరి. రెండోది అరకు దారిలో, వానలో అనంతగిరి ఘాటు ఎక్కుతుండగా వస్తుంది. బయట చలి, లోపల ఇంటిల్లిపాది ఊపిరి, తడి గొడుగులు, పులిహోర డబ్బా. ఇది లోపలివైపు పడుతుంది. వైపరు ఎంత ఊగినా దీనికి పట్టదు. ఎదురొచ్చే లారీ లైట్లు రెండూ కలిసి ఒకటే పెద్ద మచ్చ అవుతాయి. మలుపు ఎటో నాకు తెలియదు. మా బావమరిదికి మాత్రం తెలుసు.

కారు అద్దానికి ఉన్నంతమంది వైద్యులు మనిషికి లేరు. పక్కింటి మాస్టారు బంగాళదుంప కోసి రుద్దమన్నారు. ఒకప్పుడు లారీ నడిపిన వాచ్‌మన్ బీడీ పొగాకు అన్నాడు. మా అమ్మాయి షాంపూ అంది. షాంపూ విషయంలో అబద్ధమాడకూడదు: అది రాస్తే నీరు బొట్లుగా నిలవకుండా పల్చటి పొరలా పరుచుకుంటుంది, ఓ పూట దారి కనబడుతుంది. మర్నాటికి ఆవిరి మామూలే, పైగా షాంపూ మరకలు. బావమరిది వైద్యం వేరు. "వానలో ఏసీ ఎందుకు బావా, పెట్రోలు దండగ" అంటూ టక్కున ఆపేశాడు. అంతే, కనబడుతున్న ఆ కాస్త దారీ పోయింది.

ఏసీ పని చల్లబరచడం ఒక్కటే కాదు. డాష్‌బోర్డు వెనకున్న చల్లటి కాయిల్ మీదుగా గాలిని పంపి, అందులోని తేమను నీళ్లుగా రాలుస్తుంది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి మహా అయితే సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 20 డిగ్రీలకు దిగితే మోయగలిగేది 17 గ్రాములే. మిగతా బరువు ఎక్కడో దించుకోవాలి. కారులో చల్లగా, ఎదురుగా దొరికేది అద్దం. ఏసీ ఆపి బ్లోయరు మాత్రం ఉంచితే, కాయిల్‌ను అంటుకున్న తడి కూడా గాలిలో కలిసి అద్దం మీదికే వస్తుంది. కాబట్టి ఏసీ నడవాలి, బయటిగాలి లివరు తెరవాలి, గాలిని అద్దం మీదికి తిప్పాలి, కాస్త వేడి కలపాలి. విశాఖలో హీటరు వేద్దామన్నందుకు మావాళ్లు నాకు జ్వరమేమోనని నుదురు తడిమి చూశారు.

ఇవన్నీ చేసినా ఆవిరి తగ్గలేదు. అంటే లోపలి నుంచే ఎవరో దానికి నీళ్లు అందిస్తున్నారన్నమాట. "ఏవండీ, నా కాళ్ల కింద తడిగా ఉంటోంది" అని మా ఆవిడ అంది. బావమరిది ఆ నేరాన్ని గొడుగు మీదికి నెట్టాడు, పిల్లలు ఆవిడ చెప్పుల మీదికి నెట్టారు. నేను మ్యాటు ఎత్తి, పాత పేపరు పరిచి కాలితో అదిమాను. పేపరు ముద్దయింది.

ఇక ఆ నీళ్లు ఎక్కడివో తేల్చాలి. వేలికి జిగటగా, ముక్కుకు తియ్యగా తగిలితే అది కూలెంటు, హీటరు కాయిల్ కారుతున్నట్టు. అప్పుడు అద్దం మీది పొర కూడా జిడ్డుగా ఉండి, తుడిస్తే అలుక్కుపోతుంది. బోనెట్ కింద డబ్బాలో మట్టం తగ్గుతుంది. నాలుక్కి మాత్రం తగలనివ్వకూడదు, విషం. మావి వట్టి నీళ్లు. తర్వాతి అనుమానం వాన మీద. బోనెట్ చివర, అద్దం మొదట్లో ఉన్న జాలీలో ఆకులు పేరుకుంటే వాననీరు లోపలికి దారి వెతుక్కుంటుంది. పైన వేపచెట్టు ఉంది కదా అని మగ్గుతో నీళ్లు పోసి చూశాను. బుద్ధిగా కిందికి పోయాయి. ఇక మిగిలింది ఏసీ. ఉక్కపోతలో కాసేపు నడిస్తే కారు కింద నీటిచుక్కలు పడాలి. మా కారు కింద నేల పొడిగా ఉంది. ఏసీ రాల్చిన నీళ్లన్నీ మా ఆవిడ కాళ్ల దగ్గర డిపాజిట్ అవుతున్నాయి.

మెకానిక్ కారు కింద దూరి, చిన్న రబ్బరు గొట్టంలోకి తీగ పోనిచ్చాడు. మట్టి ముద్ద ఊడిపడింది, వెనకాలే బురదనీళ్లు బొళబొళమన్నాయి. "పైపు పూడిపోయింది సార్, అంతే" అన్నాడు. దుంపలు, పొగాకు, షాంపూ సిఫార్సు చేసిన పెద్దలెవరూ ఆ 'అంతే' వినడానికి అక్కడ లేరు. పైపు బాగైనా తడి కార్పెట్ అలాగే ఉంటే ఆవిరి ఆగదు, కింద రేకూ తుప్పు పడుతుంది. అందుకని కార్పెట్‌ను, దాని అడుగున ఉన్న స్పాంజిని ఊడదీసి హాల్లో ఆరబెట్టాం. అన్నాళ్లూ టేబుల్ ఫ్యాను దానికే, చెమటలు మాకు. అద్దం లోపలివైపు అగరొత్తి పొగ, దుమ్ము కలిసి పేరుకున్న జిడ్డును కూడా వెనిగర్ కలిపిన నీళ్లతో వదిలించాను. మురికి అద్దం మీద ఆవిరి తొందరగా చేరుతుంది.

పాత కార్ల యజమానులందరికీ మనవి. అద్దాన్ని దుంపలతో శిక్షించకండి. అది దోషి కాదు, కారులో ఎక్కడో నీరు నిలిచిందని చెబుతున్న సాక్షి. ముందు మ్యాటు ఎత్తి చూడండి.

మాకు న్యాయం జరిగింది గానీ సుఖం దక్కలేదు. ఇప్పుడు అనంతగిరి మలుపులన్నీ అద్దంలోంచి చక్కగా కనబడుతున్నాయి, నాకూ, బావమరిదికీ. ఇదివరకు బ్రేకు ఎప్పుడు వేయాలో ఊహించి చెప్పేవాడు. ఇప్పుడు చూసి చెబుతున్నాడు.