దేవుడికైనా ఫారం సి తప్పదు

అతిథి దేవుడితో సమానమని మనం ఊరికే అనలేదు. దేవుణ్ణి ఎలా చూసుకుంటామో అతిథినీ అచ్చం అలాగే చూసుకుంటున్నాం. ఉత్సవం రోజున పల్లకీ, మేళతాళాలు. మిగతా రోజుల్లో గుడికి తాళం.

2017 నవంబరులో అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్ హైదరాబాద్ వచ్చినప్పుడు చూశాం ఆ ఉత్సవం. గుంతలు పూడాయి, గోడలకి రంగులు పడ్డాయి. బిచ్చమెత్తడాన్ని నిషేధిస్తూ పోలీసు ఉత్తర్వులు కూడా వచ్చేసరికి బిచ్చగాళ్లు ఉన్నట్టుండి మాయమయ్యారు. "అమ్మా ఇవాంకా, ఒక్కసారి మా వీధికి కూడా వచ్చి పోవమ్మా" అని జనం సోషల్ మీడియాలో మొరపెట్టుకున్నారు. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలకు వందకు పైగా దేశాల అమ్మాయిలు వచ్చారు. రామప్ప గుడి దగ్గర మన ఆడవాళ్ల చేత వాళ్ల కాళ్ల మీద నీళ్లు పోయించి, తువ్వాలుతో తుడిపించాం. అతిథి పాదాలకు ఇంతకన్నా భద్రత ఏ దేశం ఇవ్వగలదో చెప్పండి!

మరి పల్లకీ లేకుండా వచ్చేవాళ్ల సంగతి? వీపున పెద్ద సంచి, చేతిలో నీళ్ల సీసాతో కాజీపేట స్టేషన్లో ఒంటరిగా దిగే ఫ్రెంచి అమ్మాయి సంగతి? ఆవిడ బాధ్యతను మనం ఒక కాగితానికి అప్పజెప్పాం. దాని వాడుక పేరు ఫారం సి. విదేశీయులెవరికైనా బస ఇస్తే, 24 గంటల్లోపు వాళ్ల పాస్‌పోర్ట్, వీసా వివరాలు, ఎక్కడినుంచి వచ్చారు, ఎక్కడికి పోతున్నారు అన్నీ ఆన్‌లైన్లో సర్కారుకు పంపాలి. మంచి ఏర్పాటే. రేపు మనిషి కనపడకపోతే వెతకడానికి ఒక ఆధారం ఉంటుంది. ఢిల్లీలో పుట్టిన ఈ మంచి ఏర్పాటు హనుమకొండలో ఒక చిన్న లాడ్జి కౌంటర్ దాకా వచ్చేసరికి ఏమవుతుందో చూడండి.

రాత్రి పదకొండు. కౌంటర్లో కుర్రాడు పాస్‌పోర్ట్ తిరగేసి మరగేసి చూస్తున్నాడు. వీసా అతికించిన పేజీ కనపడదు. ఆవిడది ఈ-వీసా, ఉన్నదల్లా ఒక స్టాంపు. ఫారం సి పాస్‌వర్డ్ ఓనరుగారి బామ్మర్దికి తెలుసు. ఆయన ఫోనెత్తడం లేదు. చివరికి ఓనరుకే చేశాడు.

"సార్, ఫారిన్ మేడం వచ్చిందండీ."

"ఎంతమంది?"

"ఒక్కతే సార్."

"ఒక్కతేనా? రేపు ఏదన్నా అయితే స్టేషన్ చుట్టూ ఎవడు తిరుగుతాడ్రా? రూముల్లేవని చెప్పు."

కుర్రాడి వెనక బోర్డుకి తాళంచెవులు వరసగా వేలాడుతున్నాయి. ఆవిడ వాటినే చూస్తోంది. "నో రూమ్ మేడం, సారీ మేడం" అని వాడు సిగ్గుపడుతూనే చీకట్లో ఆటోస్టాండు వైపు చెయ్యి చూపించాడు. లాడ్జికి ఇక ఏ ప్రమాదమూ లేదు. మేడం రోడ్డు మీద ఉంది.

కంగారు పడకండి, ఆవిడకి 1363 ఉంది. కేంద్ర పర్యాటక శాఖ వారి ఇరవైనాలుగ్గంటల హెల్ప్‌లైన్. హిందీ, ఇంగ్లీషు కాక పది విదేశీ భాషల్లో పలుకుతుంది. ఆవిడ గోడు ఫ్రెంచిలో శుభ్రంగా వింటారు. ఆ పన్నెండు భాషల్లో తెలుగు లేదు కాబట్టి కౌంటర్ కుర్రాడికి నచ్చజెప్పే పని మాత్రం మళ్లీ ఆవిడదే.

సలహాలకూ లోటు చెయ్యలేదు మనం. 2016లో అప్పటి పర్యాటక మంత్రి మహేశ్ శర్మ ఆగ్రాలో మాట్లాడుతూ, విమానాశ్రయంలో దిగే అతిథులకు జాగ్రత్తలు రాసిన కార్డు ఇస్తున్నామన్నారు. చిన్న ఊళ్లలో రాత్రిపూట ఒంటరిగా తిరగొద్దు, ఆడవాళ్లు స్కర్టులు వేసుకోవద్దు అన్నవి ఆ జాగ్రత్తల్లో ఉన్నాయన్నారు. గోల రేగాక, గుళ్లూ గోపురాల గురించి అన్నానని సర్దుకున్నారు. మొత్తానికి ముప్పు ఎక్కడుందో కనిపెట్టేశాం: అతిథి సూట్‌కేసులో. దుర్మార్గుణ్ణి పట్టుకోవడం కన్నా దుస్తుల్ని పట్టుకోవడం తేలిక. అవి పరిగెత్తవు.

అసలు ఏ కార్డు మీదైనా పెద్దక్షరాలతో రాయాల్సిన ప్రమాదం రోడ్డు దాటడం. చార్మినార్ ఎక్కడానికి మనకు 25 రూపాయలు, విదేశీయులకు 300. పన్నెండింతలు కట్టినా రోడ్డు మాత్రం అందరితో పాటే దాటాలి. కోఠిలో జీబ్రా గీతల మొదట్లో ఒక తెల్లజుట్టు పెద్దాయన నిలబడి ఉంటాడు. బండ్లు ఆగుతాయని ఎదురుచూస్తుంటాడు పాపం. వాళ్ల ఊళ్లో ఆగుతాయి మరి. బండివాళ్లకేమో ఆయన అక్కడ ఎవరికోసమో నిలబడ్డట్టు కనిపిస్తాడు. చివరికి పూలమ్మే ముసలమ్మకి జాలేస్తుంది. "రా సారూ, నా ఎనక రా" అని గంప చంకనెత్తుకుని, రెండో చెయ్యి అడ్డంపెట్టి, బస్సు మొహం కూడా చూడకుండా నడిచేస్తుంది. ఆర్టీసీ బస్సు కీచుమని ఆగుతుంది. టూరిస్ట్ పోలీస్ అనగానే నా కళ్లకు కట్టేది ఆవిడే. జీతం లేదు, యూనిఫాం లేదు, ఫుట్‌పాత్ ఖాళీ చేయించేటప్పుడు ముందు లేపేదీ ఆవిడనే.

కొండలూ నదుల దగ్గరికొస్తే స్వదేశీ, విదేశీ తేడా కూడా లేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోతున్న బోటు కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. అందులో ఉన్నది 77 మంది, మనవాళ్లే. లైఫ్ జాకెట్లు బోటులో ఉన్నాయి, అందరి ఒంటి మీదా లేవు. యాభై మంది దాకా పోయారు. ఇంట్లోవాళ్లకే దక్కని జాగ్రత్త చుట్టానికి ఎక్కడినుంచి తేవాలి?

2025 మార్చిలో హంపీకి దగ్గర్లో, సాణాపూర్ కాల్వ గట్టు మీద రాత్రిపూట కూర్చున్నవాళ్ల మీద దుండగులు పడ్డారు. ఇజ్రాయెల్ అమ్మాయి మీద, ఆమెకు బస ఇచ్చిన మన మహిళ మీద అత్యాచారం చేశారు. తోడున్న ముగ్గురు మగవాళ్లను కాల్వలోకి తోశారు. ఒడిశా కుర్రాడు శవమై తేలాడు. ఆ నెల చివరి రోజునే హైదరాబాద్ శివార్లలో కారులో ఎక్కించుకున్నవాడి చేతిలో జర్మన్ అమ్మాయి అత్యాచారానికి గురైంది. నిందితుల్ని పోలీసులు త్వరగానే పట్టుకున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ టీ కొట్టు నుంచి టీవీ దాకా ముందుగా పుట్టిన మాట ఏమిటి? "ఛీ, దేశం పరువు తీశారు." హంపీలో మన మహిళా ఉంది, చచ్చిపోయినవాడు మన కుర్రాడే. వాళ్లిద్దరూ స్వదేశీలు కాబట్టి కాబోలు, పరువు లెక్కలో పెద్దగా పడలేదు.

ఆ జూన్‌లో అమెరికా విదేశాంగ శాఖ తన పౌరులకు జాగ్రత్తలు చెబుతూ, నాలుగు మెట్లలో మనల్ని రెండో మెట్టు మీద ఉంచింది. ఒంటరిగా తిరగొద్దు, ముఖ్యంగా ఆడవాళ్లు, అంది. ఉత్తర తెలంగాణ మొదలు పశ్చిమ బెంగాల్ దాకా మావోయిస్టుల భయముందనీ అంది. నెల కిందటేగా ములుగు జిల్లా రామప్పలో కాళ్లు తుడిచి పంపించాం, ఎంత కృతఘ్నత! ఆ రోజుల్లో ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్ కూడా ఆ రెండో మెట్టు మీదే ఉన్నాయి. పారిస్ వాళ్ల పరువు ఏమైందో వాకబు చెయ్యాలి.

కూకట్‌పల్లిలో ఒక తండ్రి ఆ వార్త వచ్చిన సాయంత్రం డాలస్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేశాడు. "రాత్రిపూట గ్యాస్ స్టేషన్ డ్యూటీ మానెయ్ నాన్నా. ఎవడన్నా గన్ను చూపిస్తే ఎదురుతిరక్కు, క్యాష్ ఇచ్చెయ్. ఒంటరిగా బయటికి పోకు. మెడలో గొలుసు లోపలికి వేసుకో. ఎక్కడికెళ్లినా లొకేషన్ పెట్టు." వెనకనుంచి తల్లి, "అక్కడి జనాన్ని నమ్మొద్దని చెప్పండి" అని అందించింది. అదీ చెప్పాడు. ఫోన్ పెట్టేసి టీవీ సౌండ్ పెంచాడు. అమెరికా తన పిల్లలకు మన గురించి ఏం చెప్పిందో అందులో చర్చ నడుస్తోంది. "చూశావుటే, ఎంత పొగరో వీళ్లకి!" అన్నాడు.